చేతికి చదువు నేర్పిన డాక్టరమ్మ

రెండో తరగతి పిల్లల తల్లుల్ని అడగండి, కూడికల దగ్గర రోజూ ఎంత యుద్ధమో చెబుతారు. ఒకట్ల స్థానంలో పదమూడు వస్తే మూడు వేసి, ఒకటి మనసులో పెట్టుకోవాలి. ఎందుకమ్మా అని పిల్లాడు అడిగితే, అలా వెయ్యాలంతే అని కసురుతాం. ఆ ఒకటిని మనసులోంచి తీసి పిల్లల చేతిలో పెట్టిన మనిషి మరియా మాంటిస్సోరి.

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవాలేలో పుట్టిందావిడ. ఆడపిల్ల చదివితే టీచరు కావాలి, అంతకు మించి ఆశ పడకూడదు అనుకునే రోజులవి. మరియా డాక్టరు చదువుతానని పట్టుబట్టింది. తండ్రికి ఇష్టం లేకపోయినా తల్లి రెనీల్డే వెనక నిలబడింది. మగపిల్లల పక్కన శవాన్ని కొయ్యడం తగదని, అందరూ వెళ్లిపోయాక ఒక్కదాన్నే ఆ గదిలోకి పంపేవారట. అయినా 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుంది.

డాక్టరుగా ఆవిడ చూసింది మందబుద్ధులని ముద్ర వేసి పిచ్చాసుపత్రుల్లో పడేసిన పిల్లల్ని. వాళ్లకి మందుల కంటే ముందు చేతులకి పని కావాలని తోచింది.

అదే సమయంలో, 1898లో, ఆవిడకి కొడుకు పుట్టాడు. తోటి డాక్టరు మాంటెసానోతో పెళ్లి జరగలేదు. పెళ్లికాని తల్లి అని తెలిస్తే ఉద్యోగం, పేరు రెండూ పోయే కాలం. పసివాడు మారియోని పల్లెటూళ్లో ఓ కుటుంబానికి అప్పగించి, అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చేది, తల్లినని చెప్పకుండానే.

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో 'పిల్లల ఇల్లు' మొదలైంది. అమ్మానాన్నలు కూలికి పోతే వీధిన పడే పిల్లలు వాళ్లు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద వేలితో దిద్దుతూ శబ్దం పలికేవారు. మన అక్షరాభ్యాసంలో బియ్యంలో దిద్దించినట్టే కదూ! విడి అక్షరాలు పేర్చి మాటలు కూర్చేవారు. కాస్త వచ్చాక చీటీ చదివి, అందులో ఉన్న పని చేసి చూపించాలి. చదివింది అర్థమయిందో లేదో ఇంక వేరే అడగక్కర్లేదు.

లెక్కలకి పూసలు. ఒక పూస ఒకటి. తీగకి గుచ్చిన పది పూసలు పది. అలాంటి పది తీగలు కలిస్తే వంద పలక, పది పలకలు పేరిస్తే వెయ్యి దిమ్మ. వెయ్యి ఎంత బరువో చేతికే తెలుస్తుంది. పది విడి పూసలు ఇచ్చి ఒక తీగ పుచ్చుకోవడమే మనం మనసులో పెట్టుకునే ఒకటి.

తన తల్లి 1912లో పోయాక గానీ మారియోని దగ్గరికి తెచ్చుకోలేకపోయింది. అప్పుడు కూడా మేనల్లుడనీ, పెంచుకున్నాననీ చెప్పాల్సి వచ్చింది. 1939లో అతనితోనే మద్రాసు వచ్చి, అడయారులో దివ్యజ్ఞాన సమాజం వారి దగ్గర టీచర్లకి శిక్షణ ఇచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్‌వారు మారియోని నిర్బంధించారు. ఆవిడ 70వ పుట్టినరోజున వైస్రాయి అతన్ని విడిచిపెడుతూ పంపిన తంతిలో, కొడుకుని తిరిగి ఇస్తున్నామనే రాశారు. అన్నేళ్లుగా ఆవిడ నోరు తెరిచి చెప్పుకోలేని మాట అది. తరవాత కొడైకెనాల్‌లో ఆ తల్లీకొడుకులు కాస్త పెద్ద పిల్లల చదువు మీద కలిసి పనిచేశారు. 1952 మే 6న హాలెండులో కన్నుమూసేనాటికి, వీలునామాలో మారియో తన కొడుకేనని రాసి ఉంచింది.

ఆవిడ పూసలు ఖరీదైనవే. మనకి చీపురు పుల్లలు చాలు. ఇరవై ఎనిమిదీ పదిహేనూ కూడాలంటే ముందు పదేసి పుల్లలు కట్టలు కట్టించండి. మిగిలిన ఎనిమిదీ అయిదూ కలిపితే పదమూడు. అందులో పదింటికి రబ్బరుబ్యాండు వేసి కట్టల పక్కన పెట్టమనండి. చదువుకోసం ఓ చీటీ రాసివ్వండి, గ్లాసుడు నీళ్లు తెచ్చి తులసికి పొయ్యమని. పిల్లాడు నీళ్లు తెచ్చాడంటే చదవడం వచ్చినట్టే.