హాస్యనటుడు కలైవాణర్ ఎన్. ఎస్. కృష్ణన్

రసములను గణించునప్పుడు భరతముని శృంగారము పిమ్మట హాస్యమునే నిలిపెను. తాను నవ్వుట యొకటి, పరులను నవ్వించుట మఱియొకటి యని దానిని రెండు విధములుగ చెప్పెను. పరులను నవ్వించుట కష్టము. ఎవరి మనస్సును నొప్పింపక నవ్వించుట మఱింత కష్టము. నవ్వించుచునే బుద్ధి గఱపుట కొలదిమందికే సాధ్యము. తమిళ నాటకరంగమునందును, చలనచిత్రములందును ఈ పనిని సాధించి, ప్రజలచే కలైవాణర్ అని పిలువబడిన మహానటుడు ఎన్. ఎస్. కృష్ణన్.

1908 నవంబరు 29వ తేదీన, నాటి తిరువాన్కూరు సంస్థానములో నాగర్‌కోయిల్ చెంతనున్న ఒళుగినసేరి గ్రామమున ఆయన జన్మించెను. తండ్రి సుడలైముత్తు పిళ్ళ, తల్లి ఇసక్కి అమ్మాళ్. నిరుపేద కుటుంబ మగుటచే ఆయన చదువు నాల్గవ తరగతితో ముగిసెను. బాల్యమున నాటకశాలలో తినుబండారము లమ్ముచు నాటకములు చూచెడివాడు. ఆ ప్రాంతమున విల్లుపాట్టు అను జానపద కళ కలదు. పెద్ద వింటికి గంటలు కట్టి, నారిని కఱ్ఱలతో వాయించుచు కథ చెప్పుదురు. ప్రక్కవారు వంత పాడుదురు. మన బుఱ్ఱకథ నెఱిగినవారు దీని నూహించుకొనగలరు. ఈ విద్యను కృష్ణన్ చిన్ననాడే నేర్చెను. పిదప టి. కె. యస్. సోదరుల నాటక సమాజమున చేరి, పాట, మాట, వేషము మూడింట ఆరితేరెను.

1935లో వెలువడిన మేనక, 1936లో వెలువడిన సతీ లీలావతి చిత్రములతో ఆయన వెండితెరపై అడుగిడెను. ఆ కాలమున హాస్యఘట్టములు ప్రధానకథతో పెక్కు సంబంధము లేక విడిగ నుండెడివి. కృష్ణన్ తన ఘట్టములను తానే కల్పించి, తానే వ్రాసి, తన బృందముతో అభినయించుచుండెను. అందుచే ఆయన నటుడే కాక రచయిత కూడ. 1936 నాటి వసంతసేన చిత్ర సమయమున టి. ఏ. మధురముతో పరిచయము కలిగి, అది వివాహముగ పరిణమించెను. నాటి నుండి వారిరువురి జంట తెరపై కనిపించిన చాలును, ప్రేక్షకుల మొగములు వికసించెడివి. భార్య భర్తను ప్రశ్నించి, తెలివితో ఓడించుట వారి హాస్యమున తఱచు కనబడును.

కీర్తి శిఖరమందున్న ఆయనపై 1944లో పిడుగు పడెను. సినిమా తారలను గూర్చి నిందావార్తలు ప్రచురించు లక్ష్మీకాంతన్ అను పత్రికా సంపాదకుడు ఆ నవంబరులో మద్రాసున కత్తిపోట్లకు గురియై మరణించెను. ఆ కేసులో నాటి ప్రసిద్ధ గాయక నటుడు ఎం. కె. త్యాగరాజ భాగవతారును, కృష్ణన్‌ను పోలీసులు నిర్బంధించిరి. 1945లో ఇరువురకును యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడెను. హైకోర్టులో చేసికొన్న అప్పీలు నిలువలేదు. వీరిరువురు నటించిన హరిదాస్ చిత్రము 1944 దీపావళికి విడుదలయి, మద్రాసులోని బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళులు చూచెను. తెరపై కృష్ణన్ మాటలకు జనులు పగలబడి నవ్వుచుండగా, ఆ మాటలాడినవాడు చెఱసాలలో నుండెను. ఇంతకు మించిన విధి విలాసము కవులు కల్పించిన కథలలోనైన అరుదు.

ఆ దుర్దినములలో మధురము కృంగిపోలేదు. భర్త పేర నాటక సభను నిలిపి, ఎస్. వి. సహస్రనామము మొదలగు నటుల తోడ్పాటుతో నాటకము లాడించెను. వ్యాజ్యము ఖర్చులకు ధనము కూర్చుటకై పైత్తియక్కారన్ నాటకమును చిత్రముగ నిర్మింపజేసెను. కేసు లండనులోని ప్రీవీ కౌన్సిల్ వఱకు పోయి, పునర్విచారణకై మరలి వచ్చెను. 1947 ఏప్రిలులో మద్రాసు హైకోర్టు వారిని నిర్దోషులుగ విడుదల చేసెను. రెండు సంవత్సరములకు పైగా కారాగారవాసము ననుభవించిన తరువాత, భాగవతారుకు పూర్వపు వైభవము తిరిగి రాలేదు. కృష్ణన్ మాత్రము మరల నవ్వించుటకు పూనుకొనెను. ఆ సంవత్సరమే తమిళ నాటక పితామహుడు పమ్మల్ సంబంధ మొదలియారు ఆయనకు కలైవాణర్ బిరుదు నొసంగెను.

ఆయన కల్పనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కిందనార్ కథాకాలక్షేపము. దానికి ఉడుమలై నారాయణ కవి రచనలో తోడ్పడెను. నందనార్ చరిత్రమున భక్తుడైన పాలేరు చిదంబర దర్శనమునకై పరితపించును గదా! ఇందు కిందన్ అను దళిత బాలుడు చదువునకై పరితపించును. పెద్దలు వలదన్నను పట్టణమునకు పోయి, విద్య నేర్చి, పాఠశాలల తనిఖీ అధికారియై తిరిగి వచ్చును. హరికథ బాణీలో కృష్ణన్ దీనిని చెప్పుచుండ సభ యంతయు నవ్వులలో మునిగెడిది. ఇంటికి పోవునప్పుడు ఆలోచించుచు పోయెడిది. 1949లో అణ్ణాదురై రచనతో తాను నిర్మించిన నల్లతంబి చిత్రమున ఈ కాలక్షేపమును చేర్చెను. మద్యపానమును నిరసించుటయు, శాస్త్రవిజ్ఞానము వృద్ధి పొంది ఇంటిపనులకు యంత్రములు రావలెనను పాటయు అందే కలవు. 1951లో ఆయన దర్శకత్వమున మణమగళ్ వెలువడెను. అదే కథ తెలుగున పెళ్ళికూతురు పేర వచ్చెను.

ఆయన ఆర్జన గొప్పది. దానము అంతకంటె గొప్పది. నాగర్‌కోయిల్‌లో గాంధీజీ స్మారక స్తంభమును సొంత ధనముతో కట్టించెను. తమిళనాట చెప్పుకొను గాథ యొకటి కలదు. ఆదాయపు పన్ను అధికారి యొకరు ఆయన లెక్కలు తనిఖీ చేయగా, ధర్మము క్రింద పెద్ద మొత్తములు ఖర్చు వ్రాయబడి యుండెనట, రసీదులు లేవట. రసీదు లేని ఖర్చును ఏ అధికారి ఒప్పుకొనును? నిజము తెలియగోరి ఆయన పేదవానివలె వచ్చి, కుమార్తె పెండ్లికి ధనము లేదని చెప్పుకొనగా, కృష్ణన్ వెనుకాడక సాయము చేయ సమ్మతించెనట. అధికారి ఆ పద్దును మాఱు మాట లేక ఒప్పుకొనెనట.

1957 ఆగస్టు 30వ తేదీన, 49వ యేట, మద్రాసులో ఆయన అస్తమించెను. చివరి దినములలో చేతియందు నిలువ స్వల్పము. 1969 జనవరిలో నాటి ముఖ్యమంత్రి అణ్ణాదురై త్యాగరాయనగరులో ఆయన విగ్రహము నావిష్కరించెను. చెన్నైలోని కలైవాణర్ అరంగము ఆయన పేరనే వెలసియున్నది.

నాల్గవ తరగతి దాటి చదువుకొను భాగ్యము కృష్ణన్‌కు కలుగలేదు. అయినను ఆయన సృష్టించిన కథానాయకుడు చదువుకొఱకు ఇల్లు విడిచిన బాలుడు. తనకు దొరకనిది పదుగురకు దొరకవలెనని కోరుట సజ్జన లక్షణము. 25 వత్సరములుగ గ్రంథాలయము నాదరించుచున్న గ్రామస్థులకు ఆ కిందన్ పరాయివాడు కాడు. నేటి సాయంకాలము పుస్తకముకై తలుపు కడ నిలుచు పిల్లలలో వాడును ఉండవచ్చును.