పండిత రమాబాయి

పశ్చిమ కనుమలలో గంగామూల మను అరణ్యప్రాంతము కలదు. గొప్ప సంస్కృత పండితుడగు అనంతశాస్త్రి డోంగ్రే అచ్చట కుటీరము నిర్మించుకొని నివసించెను. స్త్రీలు సంస్కృతము నేర్వరాదను నమ్మకము ప్రబలముగా నున్న కాలమది. శాస్త్రి ఆ నమ్మకమును లెక్కసేయక తన భార్య లక్ష్మీబాయికి దేవభాషను నేర్పెను. పెద్దలు ఆక్షేపించిరి, ఆయన మాత్రము వెనుదీయలేదు. 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన ఆ అడవిలోనే రమాబాయి జన్మించెను.

బిడ్డ నెలల ప్రాయములో నున్నపుడే ఆ కుటుంబము తీర్థయాత్రలకు బయలుదేరెను. క్షేత్రములయందు పురాణము చదువుటయే వారి జీవనము. తల్లి వేకువజామున కుమార్తెను లేపి శ్లోకములు వల్లె వేయించెడిది. స్థిరమైన ఇల్లు లేదు, బడి లేదు. అయినను ఆ కాలమున రాణులకు సైతము లభింపని చదువు ఆ బాలికకు లభించెను.

1870 తరువాతి సంవత్సరములలో దక్షిణదేశమును కరవు పీడించెను. శాస్త్రి తన సొత్తునంతయు దానధర్మములకును వ్రతములకును వెచ్చించి యుండెను. ఆయన బిడ్డలకు కూలిపని గాని వ్యాపారము గాని తెలియదు. బిచ్చమెత్తుటకు అభిమానము అడ్డు వచ్చెను. చేతనున్న బియ్యము తీరిపోగా వారు అడవిలో ఆకులు, ఈతపండ్లు తిని, నీరు త్రాగి దినములు గడిపిరి. కొలదికాలమునకే తండ్రి మరణించెను. తల్లి జ్వరముతో మంచముపట్టి ఆహారము కోరగా, రమాబాయి పొరుగింటికి పోయి నిలువబడెను గాని దుఃఖముచేత నోటమాట రాలేదు. ఆ యిల్లాలు తానే గ్రహించి సజ్జరొట్టె నిచ్చెను. దానిని తినుటకు తల్లికి శక్తి లేకపోయెను. ఆమె మరణింపగా పాడె మోయుటకు నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు దయతలచి వచ్చిరి. మూడవవాడు అన్న శ్రీనివాసుడు. నాలుగవ మనిషి రమాబాయియే. ఆమె పొట్టిది గావున పాడెకొమ్మును భుజముపై గాక తలపై నుంచుకొని నడచెను. అక్కయు కొన్ని నెలలలోపలనే మరణించెను.

మిగిలిన అన్నాచెల్లెండ్రు కాలినడకన వేలమైళ్ళు తిరిగిరి. పంజాబులో జీలము నదియొడ్డున కప్పుకొనుటకు దుప్పటి లేక, ఇసుకలో గోతులు త్రవ్వుకొని, ఎండిన ఇసుకను కప్పుకొని చలిరాత్రులు గడిపిరట. పుణ్యక్షేత్రములన్నియు చూచిరి, నియమములన్నియు పాటించిరి. అయినను రమాబాయి మనస్సునకు ఊరట కలుగలేదు.

1878లో వారు కలకత్తా చేరిరి. అచ్చటి విద్వాంసులు ఆమె పాండిత్యమును పరీక్షించి ఆశ్చర్యపడి, పండిత యనియు సరస్వతి యనియు బిరుదము లిచ్చిరి. కీర్తి వచ్చెను, సుఖము మాత్రము నిలువలేదు. 1880లో అన్న మరణించెను. ఆ యేడే ఆమె బిపిన్ బిహారీ మేధావి యను వంగదేశపు న్యాయవాదిని కులభేదము పాటింపక వివాహమాడెను. కుమార్తె మనోరమ జన్మించిన మరుసటియేడు, 1882 ఫిబ్రవరిలో, భర్త కలరాకు బలియయ్యెను. అప్పటికి రమాబాయి వయస్సు ఇరువదినాలుగేండ్లు నిండలేదు.

సిల్చారులో భర్తయింట నున్నపుడు వంగభాషలోని లూకా సువార్త ఒకటి ఆమె చేతికి వచ్చి యుండెను. భర్త మరణించిన పిమ్మట ఆమె పూనా చేరి, ఆర్య మహిళా సమాజమును స్థాపించి, 1883లో వైద్యవిద్య నభ్యసింపగోరి ఇంగ్లండునకు పోయెను. చెవుడు క్రమముగా ముదురుచుండుటచే ఆ కోరిక నెరవేరలేదు. వాంటేజిలోని క్రైస్తవ సన్యాసినులు ఆమె కాశ్రయ మిచ్చిరి. లోకము వెలివేసిన స్త్రీలను వారు లండనులో తోబుట్టువులవలె ఆదరించుట ఆమె కన్నులార చూచెను. ఆ దయకు మూలమేమని విచారింపగా, వారు యేసు సమరయ స్త్రీతో సంభాషించిన కథను చదివి వినిపించిరి. 1883 సెప్టెంబరు 29న తల్లీకూతుండ్రు బాప్తిస్మము పొందిరి.

ఇంతతో ఆమెకు శాంతి చేకూరెనని తలచుట పొరపాటు. గురువులు చెప్పినంత మాత్రమున దేనినైనను ఒప్పుకొను స్వభావము ఆమెది కాదు. సిద్ధాంత విషయములలో వారితో ఆమె దీర్ఘముగా వాదించెను. బాప్తిస్మము పొందిన ఎనిమిదేండ్లకు గాని ఆమె కలత తీరలేదు. తాను ఒక మతమును స్వీకరించితిని గాని క్రీస్తును పొందలేదని ఆమె అప్పుడు గ్రహించెను. అంతవరకు దైవానుగ్రహమును వ్రతములతోనో విద్యతోనో సత్కార్యములతోనో సంపాదింపవలెనని ఆమె శ్రమించెను. అది కూలి కాదనియు, ఉచితముగా లభించు దానమనియు తెలిసిన దినముననే ఆ సుదీర్ఘయాత్ర ముగిసెను. ఆమెకు లభించిన విశ్రాంతి చేతులు ముడుచుకొని కూర్చుండునది కాదు. జీవితమున అధికశ్రమ ఆమె పడినది ఆ తరువాతనే.

1889లో బాలవితంతువుల కొరకు ఆమె బొంబాయిలో శారదాసదనమును తెరచి, మరుసటియేడు పూనాకు తరలించెను. తరువాత ధోండో కేశవ కర్వే వివాహమాడిన గోదూబాయి అచ్చట చదివినదే. ఆ పాఠశాలలో మతబోధ యుండదని ఆమె మొదట మాట యిచ్చి యుండెను. ఆమె ప్రార్థన చేయుచుండగా కొందరు బాలికలు వచ్చి కూర్చుండుటతో వివాదము రేగెను. 1893లో రనడే, భండార్కరు మొదలగు సలహాదారులు వైదొలగిరి. పలువురు తల్లిదండ్రులు బిడ్డలను తీసికొనిపోయిరి. ఇచ్చిన మాటకు భంగము కలిగెనని వారి బాధ. పిలువకుండ వచ్చిన బిడ్డను తన ప్రార్థన గదినుండి పొమ్మనజాలనని ఆమె పట్టుదల. ఇరుపక్షములందును నిజాయితీ కలదు.

1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. ఎముకలగూడులైన పిల్లలను చూడగా ఆమెకు తల్లియు సజ్జరొట్టెయు జ్ఞప్తికి రాకుండునా? తానే స్వయముగా పోయి సుమారు 300 మంది స్త్రీలను, బాలికలను వెంటబెట్టుకొని వచ్చెను. పూనాలో ప్లేగు వ్యాపించి యుండుటచే వారిని కేడ్గాము వద్దనున్న తన పొలమునకు చేర్చెను. అచ్చట తగిన ఇండ్లు లేవు. డేరాలలోను పాకలలోను ఆరంభమైన ఆ ఆశ్రమమునకు ముక్తి యని పేరు పెట్టెను. 1900 నాటి గుజరాతు కరవు తరువాత అచ్చటివారి సంఖ్య రెండువేలకు సమీపించెను. నేత, కుట్టుపని, వ్యవసాయము, అచ్చుపని వారు నేర్చిరి. మనోరమ అంధబాలికలకు బ్రెయిలు లిపి నేర్పెను. ఇంతమందికి రేపటి గింజ లెక్కడివో తెలియని దినములలోను రమాబాయి తెల్లవారకమునుపే లేచి, ప్రార్థించి, కలతలేని మనస్సుతో పనికి పూనుకొనెడిది.

చదువురాని పల్లెస్త్రీలకు సైతము అర్థమగునట్లు బైబిలును తేలికయగు మరాఠీలోనికి తేవలెనని ఆమె సంకల్పించి, అందుకై హీబ్రూ, గ్రీకు భాషలను నేర్చుకొనెను. ఆశ్రమ స్త్రీలే అక్షరములు పేర్చి అచ్చొత్తిరి. పని ముగియుచుండగా 1921 జూలైలో మనోరమ మరణించెను. తన తరువాత ఆశ్రమమును నడుపునని తల్లి నమ్ముకొన్న ఏకైక సంతానము ఆమెయే. అరువదిమూడేండ్ల ఆ తల్లి మరల ప్రూఫుల ముందు కూర్చుండెను. చివరి పుటలను సరిచూచిన కొలది దినములకే, 1922 ఏప్రిల్ 5వ తేదీన, నిద్రలోనే ఆమె ప్రాణము విడిచెను. ముద్రణాలయములో మిగిలిన పనిని ఆశ్రమ స్త్రీలు పూర్తిచేసిరి.