రమాబాయి అచ్చుగది

పదహారేళ్ల అమ్మాయి. తల్లి, తండ్రి, అన్న, అక్కతో కలిసి తిరుపతి సమీపంలోని అడవిలో పదకొండు రాత్రింబవళ్లు గడిపింది. తాగడానికి నీళ్లు, తినడానికి ఆకులు, గుప్పెడు ఈతపళ్లు. అంతే. అది 1874వ సంవత్సరం, కరువు కాలం. ఈతపళ్లతో ఐదుగురి కడుపు నిండదని మా చర్ల అడవుల్లో తిరిగేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉన్న సొమ్మంతా తీర్థయాత్రల్లో, దానధర్మాల్లో అయిపోయింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే నీళ్లలో దిగి ప్రాణం విడవాలనుకున్నారు. కొడుకు శ్రీనివాస్ అడ్డుపడి, కులం గొప్ప పక్కనపెట్టి కూలి చేసైనా అమ్మానాన్నలను పోషిస్తానన్నాడు. కానీ తండ్రి కొద్ది రోజుల్లోనే జ్వరంతో కన్నుమూశారు. వారాలు తిరక్కుండానే తల్లి లక్ష్మీబాయి కూడా. ఆ తల్లి పాడె మోయడానికి నలుగురు దొరకలేదు. ఇద్దరు జాలిపడి వచ్చారు, మూడో మనిషి అన్న, నాలుగో మనిషి ఈ అమ్మాయి. పొట్టిగా ఉండటంతో పాడె భుజానికి అందక తలమీద పెట్టుకుని మోసింది. తరువాత అక్క కూడా చనిపోయింది.

ఆ అమ్మాయే పండిత రమాబాయి. 1858 ఏప్రిల్ 23న కన్నడ దేశపు పడమటి కనుమల్లో, గంగామూల అడవిలో పుట్టారు. ఆ కుటుంబం అడవిలో ఎందుకుందో తెలుసా? అనంతశాస్త్రిగారు భార్యకు సంస్కృతం నేర్పారు. ఆడదానికి దేవభాష ఏమిటని పండితులు నిలదీస్తే ఉడిపిలో శాస్త్రాధారాలు చూపి వాదించారు. ఊళ్లో గొడవలెందుకని అడవిలో ఇల్లు కట్టుకున్నారు. అక్కడ లక్ష్మీబాయి తెల్లవారకముందే కూతుర్ని ఒళ్లోకి తీసుకుని, ముద్దుచేసి నిద్రలేపి శ్లోకాలు చెప్పేవారు. భాగవతం పద్దెనిమిది వేల శ్లోకాలూ ఆ పిల్ల నోటికి వచ్చాయి.

అనాథలైన అన్నాచెల్లెళ్లు దాదాపు నాలుగు వేల మైళ్లు నడిచి 1878లో కలకత్తా చేరారు. ఆమె పాండిత్యం చూసి అక్కడి విద్వాంసులు పండిత అని, సరస్వతి అని బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ న్యాయవాదిని కులం దాటి పెళ్లాడారు. 1882 ఫిబ్రవరిలో కలరా ఆయన్ను తీసుకుపోయింది. ఒళ్లో ఏడాది నిండని మనోరమ.

ఆ కొద్దికాలపు కాపురంలోనే సిల్చార్‌లోని ఇంట్లో పుస్తకాల మధ్య ఆమెకు ఒక చిన్న బెంగాలీ పుస్తకం కనిపించింది. లూకా సువార్త. ఏ బోధకుడూ పక్కన లేడు. ఆమె చదివారు, ఆలోచనలో పడ్డారు. బోధకుణ్ణయిన నాకు ఆ మాట ఎప్పుడు తలచుకున్నా కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

భర్త పోయాక పుణె వచ్చి ఆర్య మహిళా సమాజం స్థాపించారు. మరాఠీ స్త్రీల కోసం ‘స్త్రీ ధర్మనీతి’ రాశారు. ఆ పుస్తకం అమ్మకాలతో వచ్చిన డబ్బే 1883లో ఆమెను ఓడెక్కించి ఇంగ్లండు చేర్చింది. ఆ సెప్టెంబరులో వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. అయితే సంఘ పెద్దలు చెప్పినదానికల్లా తలూపలేదు. గురువుల మాట చాలదు, లేఖనం నేనే చదివి తేల్చుకుంటానని పట్టుబట్టారు. మతం దొరికింది గానీ క్రీస్తు దొరకడానికి మరో ఎనిమిదేళ్లు పట్టిందని తన సాక్ష్యంలో ఆమే ఒప్పుకున్నారు.

1887లో అమెరికాలో ‘ది హై కాస్ట్ హిందూ వుమన్’ వెలువడింది. తనకు చదువు చెప్పిన తల్లికే దాన్ని అంకితమిచ్చారు. వేల ప్రతులు అమ్ముడయ్యాయి. దాని ఫలితంగా కూడిన సాయంతో 1889లో బొంబాయిలో శారదా సదన్, ఆ తరువాతి కరువుల్లో పుణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి సదనం వచ్చాయి. 1896-97 కరువులో మధ్య పరగణాలకు తానే వెళ్లి ఆకలితో ఉన్న ఆడపిల్లలను వందల సంఖ్యలో తెచ్చుకున్నారు. ఆకలి సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు కదా. అన్నంతోపాటు అక్షరం పెట్టారు. చూపులేని వారికి మనోరమ బ్రెయిలీ లిపి నేర్పింది.

ఇక అసలు సంగతి. ఉన్న మరాఠీ బైబిలు సంస్కృత పదాలతో బరువుగా ఉండేది. పల్లెటూరి ఆడవాళ్లకు అందేది కాదు. అందుకని నడివయసు దాటాక రమాబాయి హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకుని మొత్తం బైబిలును తేలిక మరాఠీలోకి మార్చడానికి పూనుకున్నారు. సంస్కృతంలో సరస్వతి అనిపించుకున్న మనిషి, ఆ సంస్కృతాన్నే ఏరి పక్కన పెట్టారు!

వేదాంత కళాశాలలో చదివే రోజుల్లో ఈ అనువాదాన్ని నేను చిన్నచూపు చూశాను. భాష మొరటుగా ఉందని, కొన్ని మాటలు అతికినట్టు లేవని పండితులు పెట్టిన వంకలు నిజమే. ఆ బైబిలు ఎక్కువ సంఘాల్లో వాడుకలోకి రాలేదన్నదీ నిజమే. చర్ల వచ్చాక నా చూపు మారింది. ఇక్కడ అక్షరం కింద వేలు పెట్టుకుని చదివే తల్లులున్నారు. కొందరికి ఇంటి భాష కోయ, తెలుగు తరువాత వచ్చింది. భక్తి పుస్తకమైనా, లేఖనమైనా నాలుగు మాటలు చదివి ఐదో మాట దగ్గర ఆగి నా ముఖం చూస్తారు. నేను అర్థం చెబుతాను. నేను లేని రోజున ఆ పుస్తకం సంచిలోనే ఉండిపోతుంది. రమాబాయి తప్పించాలనుకున్నది సరిగ్గా ఈ ఎదురుచూపునే.

అచ్చుకు ఆమె బయటివారికి ఇవ్వలేదు. అక్షరాలు కూర్చడం, యంత్రం తిప్పడం, పుస్తకాలు కుట్టడం అంతా ముక్తిలోని స్త్రీలే చేశారు. 1921 జూలైలో మనోరమ చనిపోయింది. తల్లి తరువాత ఆ పని చూసుకోవలసిన కూతురు. చెవుడుతో ఉన్న రమాబాయి మళ్లీ ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నారు. అవి ముగించి, 1922 ఏప్రిల్ 5న నిద్రలోనే కన్నుమూశారు. రెండేళ్ల తరువాత, 1924లో, ఒకప్పుడు ఓనమాలు రాని ఆ చేతులే బైబిలు మొత్తం అచ్చువేసి బయటికి పంపాయి.