తాబేళ్ల ఆప్తబంధువు – ఆర్చీ కార్

సింహమును, ఏనుగును చూచి అబ్బురపడువారు లోకమున పెక్కురు కలరు. ఇసుకలో మెల్లగా ప్రాకు తాబేటికొరకు జీవితమును ధారపోసినవారు మాత్రము మిక్కిలి అరుదు. అట్టివారిలో ఆర్చీ కార్ అగ్రగణ్యుడు.

ఈయన 1909వ సంవత్సరము జూన్ 16వ తేదీన అమెరికా దేశమున, అలబామా రాష్ట్రమునందలి మొబీల్ పట్టణమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. బాల్యమునుండియు కారునకు పాములు, తాబేళ్లు మున్నగు జంతువులయందు మక్కువ మెండు. ఫ్లారిడా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రము నభ్యసించి 1937లో డాక్టరు పట్టమును పొందెను. ఆ యేడే మార్జొరీ హారిస్ అను విదుషిని వివాహమాడెను. ఆమెయు జీవశాస్త్రము చదివినదే. ప్రకృతి రక్షణకై పోరాడి పేరుగాంచినదే. కార్ తాను చదివిన విశ్వవిద్యాలయముననే ఆచార్యుడై పెక్కుతరములవారికి విద్య గరపెను.

1952లో ఆయన తాబేళ్లనుగూర్చి ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. సముద్రపు తాబేళ్లనుగూర్చి శాస్త్రజ్ఞులకు తెలిసినది బహుస్వల్పమని ఆయన గ్రహించెను. అవి ఎచ్చట మేయును? ఎచ్చట గ్రుడ్లు పెట్టును? ఎంతదూరము పోవును? ఈ ప్రశ్నలకు సరియైన సమాధానములు లేవు. కార్ గ్రంథాలయములతో తృప్తిపడక కరీబియన్ సముద్ర తీరముల వెంట తిరిగి, జాలరులను వినయముతో ప్రశ్నించెను. పచ్చతాబేళ్లు ఒకచోట మేసి, వేరొకచోటికి పోయి గ్రుడ్లు పెట్టునని వారు చెప్పిరి. ఆ మాటకు నిదర్శనము కావలసియుండెను.

కోస్టారికా దేశపు తూర్పుతీరమున టోర్టుగెరో అను ఇసుకతీరము కలదు. రాత్రివేళ ఆడతాబేలు అచ్చట ఒడ్డునకు వచ్చి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, నూరు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి మరల సముద్రమును చేరును. సుమారు రెండు మాసములకు పిల్లలు వెలువడి నీటివైపు పరుగిడును. 1955 మొదలు కార్ అచ్చట తాబేళ్లకు గుర్తులు తగిలింపసాగెను. మొదట పైచిప్పకు తీగతో కట్టిన బిళ్లలు నిలువక ఊడిపోయెను. అంతట ఆయన నిరాశ చెందక, పశువుల చెవులకు తగిలించు లోహపు బిళ్లలను తెచ్చి, తెడ్డువంటి ముందుకాళ్లకు బిగించెను. బిళ్లను తిరిగి పంపినవారికి బహుమానము ఇత్తునని ప్రకటించెను.

ఆ చిన్న బిళ్లలు దూరదేశములనుండి ఒక్కొక్కటిగా తిరిగిరాసాగెను. అందు పెక్కు నికరాగువా తీరమునందలి సముద్రపు పచ్చికబయళ్లలో పట్టువడిన తాబేళ్లవి. జాలరుల మాట నిజమని తేలినది. గుర్తుగల తాబేళ్లు రెండు మూడేండ్లకొకమారు ఆ తీరమునకే మరలివచ్చి గ్రుడ్లు పెట్టుననియు తెలిసెను. దారి చూపువారు లేని మహాసముద్రమున అవి తమ తీరమునెట్లు కనుగొనునో తెలిసికొనుటకై కార్ ఆజన్మాంతము శ్రమించెను.

కాని ఆ తీరమే వానికి మృత్యుస్థానమై యుండెను. మాంసము కొరకును, సూపు కొరకును మనుష్యులు ఇసుకపై కాపుండి, గ్రుడ్లు పెట్టవచ్చిన తల్లులను వెల్లకిల త్రిప్పి పట్టుకొనుచుండిరి. తల్లి చచ్చినచో సంతతి ఎట్లు నిలుచును? ఈ ఘోరమును కార్ 1956లో ప్రకటించిన యాత్రాగ్రంథమున హృదయము కరగునట్లు వ్రాసెను. దానిని చదివి కదలినవారు 1959లో పచ్చతాబేళ్ల రక్షణకొక సంఘమును స్థాపించిరి. అది నేటికిని పనిచేయుచున్నది. టోర్టుగెరో తీరము 1970 దశకమున జాతీయోద్యానవనమయ్యెను.

కారునకు అన్ని ప్రయత్నములును ఫలింపలేదు. అమెరికా నౌకాదళపు విమానములలో తాబేటిపిల్లలను పెక్కు తీరములకు పంపి విడిచిపెట్టించినను, అచ్చట అవి పెరిగి మరలివచ్చి కొత్త స్థావరము లేర్పరచుకొన్నట్లు నిదర్శనము దొరకలేదు. అయినను ఆయన పట్టు విడువలేదు. గ్రుడ్డునుండి వెలువడి సముద్రమును చేరిన పిల్లలు కొన్నియేండ్లు ఎచ్చట దాగునను ప్రశ్నకై చివరి సంవత్సరములందును వెదకి, తేలియాడు సముద్రపు నాచుమేటలతో అవి కొట్టుకొనిపోవునని వివరించెను.

1987వ సంవత్సరము మే 21వ తేదీన ఆర్చీ కార్ పరమపదించెను. 1991లో ఫ్లారిడా తీరమునందలి తాబేళ్ల రక్షితప్రదేశమునకు ఆయన పేరు పెట్టబడెను. 1971 మొదలు 2003 వరకు వేసిన లెక్కలను బట్టి టోర్టుగెరోలో తాబేళ్ల గూళ్లు అనేక రెట్లు పెరిగినవి. పండిన పంటను కన్నులార చూడకున్నను, విత్తినది ఆయనయే.

బాలబాలికలారా! మన ఆంధ్రతీరమునకును ఏటేట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్ట వచ్చుచున్నవి. అవి నీటిలో నివసించినను గాలి పీల్చుటకు పైకి రావలయును. వలలో చిక్కినచో ఊపిరాడక మరణించును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వానికి రక్షణ నిచ్చుచున్నది. చట్టము పత్రముపై నుండును. తాబేలు ఇసుకపై నుండును. ఆ రెంటిని కలుపునది తెలిసినవాని కరుణయే. ముందు తెలిసికొని, పిదప ప్రేమించి, ఆ ప్రేమచే రక్షించుటయే ఆర్చీ కార్ జీవితము మనకు నేర్పు పాఠము.