ఎండను కాడికి కట్టినవాడు: ఫ్రాంక్ షూమన్

సావనీరులో జీవితచరిత్ర అంటే దేశనాయకునిదో, కవిదో ఉండటం ఆనవాయితీ. నేను ఈసారి ఒక అమెరికా ఇంజనీరును ఎన్నుకున్నాను. అందుకు కారణం మా ప్రాంతమే. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ మా ఎల్లారెడ్డికి దగ్గరే గాని, దాని కాలువ దిగువకు పారుతుంది. ఇటు కామారెడ్డి దాకా మెరక పొలాలకు బాయి, బోరే దిక్కు. కరెంటు కోసం రాత్రిళ్ళు బాయికాడ పడుకున్న రోజులు మా పెద్దలకు ఇంకా యాదికున్నయి. నీళ్ళు తోడటమే సేద్యమైన చోట, ఎండతో నీళ్ళు తోడినవాని కథ తెలుసుకోవలసిందే గదా!

ఫ్రాంక్ షూమన్ 1862లో, నేటి న్యూయార్క్ నగరంలో భాగమైన బ్రూక్లిన్‌లో పుట్టాడు. పగిలినా ముక్కలు రాలిపడకుండా లోపల తీగజాలి ఉండే అద్దాన్ని కనిపెట్టి 1892లో పేటెంటు పొందాడు. దానితో డబ్బు వచ్చింది. ఆ డబ్బుతో హాయిగా కూర్చోక, ఫిలడెల్ఫియా దగ్గర టకోనీలో ఎండ మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఆయన మొదటి సాధనం చాలా సాదా. ఒక పెట్టె, అందులో నల్లరంగు పూసిన గొట్టాలు, పైన అద్దం. నలుపు ఎండను పీల్చుకుంటుంది. అద్దం వెలుగును లోపలికి రానిచ్చి, వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. దీన్నే బల్లపరుపు కలెక్టర్ అంటాం. ఇప్పుడు మేడల మీద స్నానానికి నీళ్ళు కాచేది ఇదే సూత్రం. సూర్యుని వెంట తిరగనక్కరలేదు, మబ్బు పట్టినా కొంత పనిచేస్తుంది. కాని మామూలుగా దీని వేడి నీరు మరిగేటంతకు మించదు. అందుకే షూమన్ 1907లో గొట్టాలలో నీటికి బదులు, తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్ పోసి చిన్న ఇంజను నడిపించాడు. 1911 నాటికి పెట్టెల పక్కన అద్దాలు నిలిపి, ఎండను మరింత కూడగట్టి, నీటి ఆవిరితోనే పెద్ద పంపు నడిపాడు.

బొగ్గు దొరికే అమెరికాలో దీని అవసరం అంతగా లేదు. బొగ్గు ఓడల మీద రావలసిన ఈజిప్టులో ఉంది. లండన్‌లో పెట్టుబడి కూర్చుకొని, కైరో దగ్గరి మాదీకి వెళ్ళాడు. అక్కడ సి. వి. బాయ్స్ అనే శాస్త్రజ్ఞుని సలహాతో రూపం మార్చాడు. ఒక్కొక్కటి 62 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల అయిదు అద్దాల తొట్లు నిలబెట్టాడు. తొట్టి వంపు పారాబొలా. మీద పడ్డ కిరణాలన్నీ నడుమనున్న గొట్టం మీదికే చేరుతాయి. పెద్ద అద్దం, చిన్న గొట్టం. కాబట్టి వేడి ఎక్కువ, నష్టం తక్కువ. అయితే నేరుగా పడే కిరణాలే పనికివస్తాయి, తొట్టి పొద్దుతో పాటు తిరుగుతూ ఉండాలి. మొదట పెట్టిన జింకు బాయిలర్లు ఆ వేడికి మెత్తబడి వంగిపోయాయి. వాటిని తీసి పోత ఇనుమువి వేయించాడు. 1913లో ఆ యంత్రం నిమిషానికి సుమారు 27,000 లీటర్ల నీళ్ళు నైలు నది నుంచి పొలాలకు ఎత్తిపోసింది. చూడవచ్చినవారిలో కిచెనర్ ప్రభువు కూడా ఉన్నాడు. సహారాలో 20,000 చదరపు మైళ్ళ మేర ఇలాంటి అద్దాలు పరిస్తే లోకానికి కావలసిన శక్తి అంతా వస్తుందని షూమన్ లెక్క కట్టాడు.

మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. ఇంజనీర్లు ఎవరి దేశానికి వారు పోయారు, మాదీ యంత్రాన్ని విప్పేశారు. 1918లో, యుద్ధం ముగియకముందే షూమన్ కన్నుమూశాడు. ఆ తరువాత చౌకగా దొరికిన చమురు ఆయన పేరునే మరపించింది.

తొట్టి మాత్రం చావలేదు. 1980లలో కాలిఫోర్నియా ఎడారిలో తిరిగి లేచింది. 2014లో మన అనంతపురం జిల్లాలో 50 మెగావాట్ల కేంద్రం ఈ తొట్లతోనే మొదలైంది. వంపును గిన్నెలా చేసి వేడిని ఒకే చోటికి తెచ్చే డిష్‌లతో 2002లో తిరుమలలో అన్నదానం వంటకు ఆవిరి పుట్టించారు. నేడు రైతులు పెట్టుకునే సోలార్ పంపుసెట్ల దారి వేరు. వాటి పలకలు వేడితో పని లేకుండా నేరుగా కరెంటు ఇస్తాయి.

షూమన్‌ను ఓడించింది ఎండా కాదు, లెక్కా కాదు. యుద్ధమూ, చౌక చమురూ ఓడించాయి. మంచి యంత్రం చేస్తే చాలదు, దాన్ని నిలుపుకునే కాలమూ సమాజమూ కావాలి. సైన్సు విద్యార్థులం మనం ఆయన జీవితం నుంచి నేర్వవలసింది ఇదేనని నా అభిప్రాయం.