తాటాకులు పోగుచేసిన బ్రౌను దొర



2024వ సంవత్సరమున మన సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరిలో త్రవ్వకములు జరుగుచుండగా ఒక మట్టికుండ బయటపడెను. అందులో 3,730 సీసపు నాణెములుండెను. అవి ఇక్ష్వాకు రాజుల కాలము నాటివని తెలిసినవారు చెప్పిరి. వెయ్యేండ్లకు మించి మంటిలో పూడియున్నను సీసము నిలిచెను. తాటాకు అట్లు నిలువదు. చెద, పురుగు, చెమ్మ, నిప్పు దానికి శత్రువులు. కొన్ని తరముల కొకసారి ఎవరైనను ఘంటము పట్టి కొత్త ఆకులమీదికి ఎత్తి వ్రాసిననే గాని అందులోని సంగతి బ్రతుకదు. అట్టి తాటాకులను వెదకించి, దొరికినదానిని పదిమందికి పంచిపెట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారి జీవితమును ఈ నెల తెలిసికొందము.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టెను. తండ్రి డేవిడ్ బ్రౌను అక్కడ పాదిరిగా నుండి, విలియం కేరీగారు బోధించిన ఫోర్టు విలియం కళాశాలకు పెద్దగా పనిచేసెను. 1812లో తండ్రి మరణించగా చార్లెసు ఇంగ్లండు వెళ్ళి హేలీబరీ కళాశాలలో చదివెను. 1817లో కుంపిణీ ఉద్యోగియై మద్రాసుకు వచ్చెను. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులుగారి యొద్ద తెలుగు అక్షరములు దిద్దెను. దొరలు ప్రజల భాష నేర్వవలెనని గవర్నరు మన్రోగారి పట్టు. 1820లో కడపకు వెళ్ళినప్పుడు అక్కడి కలెక్టరు హాన్‌బరీ తెలుగు ధారాళముగా మాటలాడుట చూచెను.

కొన్నాళ్ళకు, 1824లో, దుబ్వా అను ఫ్రెంచి పాదిరి వ్రాసిన గ్రంథములో వేమన పేరు ఆయన కంటబడెను. కూలివారు సహితము ఆ పద్యములు చెప్పుకొనుచుండిరి గాని పండితులు వాటిని తక్కువగా చూచిరి. బ్రౌనుగారు మాత్రము దొరికిన ప్రతినెల్ల సేకరించెను. ఏ రెండు ప్రతులును ఒక్కటిగా లేవు. ఒకదానిలో నున్న పద్యము మరియొకదానిలో లేదు. ఉన్నను మాటలు వేరు. ఆయన వాటిని ప్రక్క ప్రక్కన పెట్టి పోల్చి, 693 పద్యములను ఇంగ్లీషు అర్థముతో 1829లో అచ్చు వేయించెను. అంతటితో చాలించలేదు. 1839లో మరల అచ్చువేసినప్పుడు పద్యములు 1,164 ఆయెను.

ఈలోగా కడపలో ఒక తోట బంగళా కొని పండితులను కూర్చుండబెట్టెను. జూలూరి అప్పయ్య శాస్త్రి మొదలైనవారు అందు పనిచేసిరి. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వ్యవహారములు చూచుచుండెను. జనులు ఆ స్థలమును బ్రౌను కాలేజీ అనిరి. పని జరిగిన తీరు ఇది. ఒక కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించుట, ఒకరు చదువగా తక్కినవారు తమ చేతిలోని ప్రతులతో సరిచూచుట, తేడాలు గుర్తించుట, తప్పులు దిద్ది కాగితముమీద శుద్ధప్రతి వ్రాయించుట, కఠినమైన చోట్ల అర్థము వ్రాయించుట. మనుచరిత్ర, వసుచరిత్రలు ఈ విధముగా సిద్ధమాయెను. పండితుల జీతములు, వ్రాతగాండ్ర కూలి, కాగితములు, అన్నియు ఆయన సొంత ఖర్చే. జీతము చాలక అప్పులపాలాయెను.

పాదిరి కుమారునికి ఇతర మతముల పురాణములతో పనియేమని ఎవరైన అడుగవచ్చును. ఆ పుస్తకములలోని దంతయు ఆయన నమ్మినది కాదు. అయినను ఒక జనుల మాట, సామెత, పాట చెదలపాలగుచుండగా చూచుచు ఊరకుండుట ఆయనకు తగదని తోచెను. పొరుగువాని ఇల్లు కాలుచుండగా వాని మతమడిగి నీళ్ళు పోయుదుమా?

1834లో ఆయన ఉద్యోగము పోయెను. మరుసటి యేట లండను వెళ్ళెను. ఇంకొకరైతే తెలుగును మరచియుందురు. ఆయన అక్కడ కుంపిణీవారి గ్రంథాలయములో దక్షిణదేశపు వ్రాతప్రతులు అడిగేవారు లేక పడియుండుట కనుగొనెను. అవి 1811లో మరణించిన లేడెన్ అను పండితుడు పోగుచేసినవి. సంఖ్యలో రెండువేలకు పైగా నుండెను. చదువగలవారున్న దేశములోనే అవి ఉండవలెనని పట్టుబట్టి మద్రాసుకు పంపించెను. 1838లో తానును తిరిగివచ్చెను. తనకు తెలిసిన కవులను గూర్చియు గ్రంథములను గూర్చియు మద్రాసు పత్రికలో వ్యాసములు వ్రాసెను. తన సొంత సేకరణను సహితము అందరి ఉపయోగమునకు ఇచ్చివేసెను. 1869లో మద్రాసులో ఏర్పడిన ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు ఇవన్నియు పునాదియాయెను.

1840లో ఆయన వ్యాకరణము, 1852లో నిఘంటువు వెలువడెను. అందు కావ్యములలోని మాటలతోపాటు పల్లెజనుల నోటిమాటలకును చోటిచ్చెను. మన భాష నేర్వవచ్చిన మిషనరీలకు ఆ నిఘంటువు చేతికఱ్ఱ యాయెను. ఉద్యోగము చాలించి ఇంగ్లండు చేరిన పిమ్మట, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఉపాధ్యాయుడాయెను. వివాహమాడక 1884 డిసెంబరు 12న, 86వ యేట, కన్నుమూసెను. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవలన కడపలో ఆయన బంగళా ఉన్న స్థలమునందే ఆయన పేర గ్రంథాలయము నేడు నిలిచియున్నది.

అయిదువేలమంది తిని తృప్తిపొందిన తరువాత మిగిలిన ముక్కలను పోగుచేయుమని ప్రభువు శిష్యులకు చెప్పిన సంగతి మనమెరుగుదుము. రొట్టెలను విస్తరింపజేయగలవాడు ముక్కలను పారవేయనియ్యలేదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపట్ల మన ఇండ్లలో పాత ట్రంకు పెట్టెలున్నవి. తాతగారు చేతితో వ్రాసుకొన్న పాటల పుస్తకము, అట్ట ఊడిన బైబిలు, బాప్తిస్మపు చీటీ, బడి ముందు నిలుచుండి తీయించుకొన్న ఫోటో అందులో ఉండవచ్చును. వాటిని పాతకాగితముల బండివానికి తూకమునకు వేయకుడి. ఫోటో వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయుడి. చెప్పగల ముసలివారు ఉండగానే అడుగుడి. పాటల పుస్తకమును ఇంటి పిల్లలచేత ఎత్తి వ్రాయించుడి. సంఘము కూడినప్పుడు తెచ్చి చూపుడి. ఒకరియొద్ద సగమున్న పాటకు మిగతా సగము వేరొక ఊరివారి యొద్ద దొరకవచ్చును. పెట్టెలో దాచి తాళము వేసినదానిని చెద తినును. నలుగురు ఎత్తి వ్రాసుకొన్నది నాలుగు ఇండ్లలో బ్రతుకును.