ఒక్క కన్నుతో లోకాన్ని చూసిన డాక్టర్ బర్కిట్

పి.జి.లో క్యాన్సర్ పాఠం చదివినప్పుడు మమ్మల్ని బాగా ఆకట్టుకున్న ఒక డాక్టరు జీవితాన్ని మీతో పంచుకుంటున్నాం.

డెనిస్ బర్కిట్ 1911 ఫిబ్రవరి 28న ఐర్లండ్‌లోని ఎన్నిస్కిల్లెన్‌లో జన్మించారు. పదకొండేళ్లప్పుడు రాయి తగిలి కుడి కన్ను పోయింది. డబ్లిన్‌లో ఇంజనీరింగులో చేరినా, మనసు మార్చుకొని 1935లో డాక్టరయ్యారు. ఆఫ్రికాలో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఒక్క కన్నే ఉందని తోసిపుచ్చారు. అయినా ఆశ వదలక 1946లో ఉగాండా చేరారు.

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో దవడలు రెండువైపులా వాచిన ఒక బాబును చూశారు. కొద్ది వారాలకే మరో ఊరిలో అలాంటి పాపే కనబడింది. ఇది ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవాలని 25 పౌండ్ల గ్రాంటుతో కరపత్రాలు అచ్చువేయించి ఆసుపత్రులకు పంపారు. 1961లో ఇద్దరు మిత్రులతో పాత కారులో పది వారాల్లో 16,000 కిలోమీటర్లు తిరిగి 57 ఆసుపత్రులు చూశారు. వేడి, వానలు ఎక్కువగా ఉన్నచోటే ఈ గడ్డలు వస్తున్నాయని తేల్చారు.

అదే ఏడాది లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్, కంపాలా నుంచి విమానంలో గడ్డ ముక్కలు తెప్పించుకున్నారు. ఆయన బృందం 1964లో వాటిలో కొత్త వైరస్ కనుగొంది. మనుషుల్లో క్యాన్సర్‌తో సంబంధం తేలిన మొదటి వైరస్ అదే. బర్కిట్ ఆ పిల్లలకు వాడిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన పరిశోధనల ఫలం.

ఈ వైరస్ పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. రక్షణ కణాలు దానికి కాపలా కాస్తాయి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు, కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా రోజూ మందులు వేసుకోవాలి. ఆ మందులు కాపలానూ బలహీనం చేస్తాయి. అప్పుడు కొందరిలో వైరస్ ఉన్న తెల్లకణాలు విపరీతంగా పెరిగి గడ్డలవుతాయి. మందు తగ్గిస్తే కొందరిలో గడ్డ కరుగుతుందని 1984లో అమెరికాలో స్టార్జల్ బృందం చూపింది. కానీ మరీ తగ్గిస్తే కిడ్నీయే పోవచ్చు. ఈ రెంటి మధ్య కొలత చూడటమే నేటికీ డాక్టర్ల పరీక్ష.

బర్కిట్ 1993 మార్చి 23న కన్నుమూశారు. ఆయనకు పెద్ద ల్యాబ్ లేదు; కరపత్రాలు, పాత కారు, వదలని ప్రశ్న ఉన్నాయి. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న మాలాంటివారికి ఇంతకన్నా ధైర్యం ఏం కావాలి? తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, లేనిదాన్ని లెక్కపెట్టుకోకుండా ఉన్నదానితో మొదలుపెడదాం.